రీఆంపింగ్‌లో ముందు చూడాల్సింది లెవెల్

రీఆంపింగ్ గురించి మన గిటారిస్టుల మధ్య చర్చ మొదలైతే కాసేపటికే అది ఏ మోడెలర్ (ఆంప్, పెడళ్ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించేది) మంచిదన్న వాదనలోకి జారిపోతుంది. హీలిక్స్ గొప్పదా, క్వాడ్ కార్టెక్స్ గొప్పదా, కెంపర్ పాతబడిపోయిందా, ఉచితంగా దొరికే నామ్ అనే సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ మించిందా అంటూ రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఇంట్లో రీఆంప్ చేసినప్పుడు సౌండ్ చెడిందంటే చాలాసార్లు తప్పు మోడెలర్‌ది కాదు. గిటార్ నుంచి సిగ్నల్ ఎంత బలంతో వచ్చిందో, తిరిగి ఆంప్‌లోకి అంతే బలంతో వెళ్లకపోవడమే అసలు కారణం. దీన్ని సరిచేసుకోవడానికి పెద్దగా డబ్బులు అక్కర్లేదు, ఒక సాయంత్రం ఓపిగ్గా కూర్చుంటే చాలు. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక, అప్పు చేసి మరీ కొత్త మోడెలర్ కొని, దాంట్లోనూ అదే పల్చటి సౌండ్ విని దిగులుపడే కుర్రాళ్లను చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం అసలు పని ఏమిటో ముందు చెప్తాను. గిటార్ వాయిస్తున్నప్పుడు ఆంప్ సౌండ్‌తో పాటు, ఆంప్ గానీ పెడల్ గానీ తగలని పచ్చి సిగ్నల్‌ని కూడా వేరే ట్రాక్ మీద రికార్డ్ చేసుకుంటాం. దాన్నే డీఐ ట్రాక్ అంటాం. తర్వాత తీరిక దొరికినప్పుడు ఆ పచ్చి ట్రాక్‌ని ప్లే చేసి, మామూలుగా గిటార్ కేబుల్ గుచ్చే చోటికి దాన్ని పంపి, బయటికొచ్చిన సౌండ్‌ని మళ్లీ రికార్డ్ చేస్తాం. కేబుల్ అవతలి కొసన గిటారిస్ట్ ఉన్నాడా రికార్డింగ్ ఉందా అన్నది ఆంప్‌కి తెలియకూడదు. అంత ఖచ్చితంగా జరిగితేనే అది రీఆంపింగ్.

స్టూడియోల్లో ఈ పనికి సొంతంగా ఒక పరికరమంటూ వచ్చింది 1990లలో. జో శాట్రియానీ రికార్డింగులకు పనిచేసిన ఇంజనీర్ జాన్ క్యూనిబర్టీ, స్టూడియో లైన్ సిగ్నల్‌ని గిటార్ సిగ్నల్ లాగా మార్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి తయారుచేసి 'రీఆంప్' పేరుతో అమ్మాడు. తర్వాత ఆ పేరు కెనడాలోని రేడియల్ ఇంజనీరింగ్ చేతికి వెళ్లింది. అప్పట్లో ఇది నిజమైన ఆంపు, దాని ముందు మైకు, చుట్టూ సౌండ్ ప్రూఫ్ గది ఉన్నవాళ్ల వ్యవహారం. 1998లో లైన్ 6 వాళ్ల పాడ్, 2006లో ఫ్రాక్టల్ వాళ్ల యాక్స్-ఎఫ్ఎక్స్, 2015లో హీలిక్స్ లాంటి మోడెలర్లు వచ్చాక పరిస్థితి మారింది. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, పక్కింటి పిల్లలకు పరీక్షలు జరుగుతున్న రోజుల్లో, రాత్రి పదకొండు దాటాక కూడా మార్షల్ ఆంప్ ఫుల్ వాల్యూమ్‌లో పలికే సౌండ్‌ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ రికార్డ్ చేసుకోవచ్చు. నాలాంటివాడికి ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో ఒక్కడినే వాయిస్తూ, రికార్డ్ చేస్తూ, సౌండ్ కూడా చూసుకోవాలంటే మూడు పనులూ ఒకేసారి బుర్రకెక్కవు. ముందు వాయించడం మీద మనసు పెట్టి, సౌండ్ సంగతి మర్నాడు తాజా చెవులతో తేల్చుకునే వీలు రీఆంపింగ్ ఇస్తుంది.

ఇక లెవెల్, అంటే సిగ్నల్ బలం దగ్గరికి వద్దాం. ఆంప్ వాల్యూమ్ పెంచే యంత్రం మాత్రమే అయితే దీని గురించి ఇంత మాట్లాడాల్సిన పని లేదు. గిటార్ ఆంప్ అలా పనిచేయదు. లోపలికొచ్చే సిగ్నల్ పెరిగితే శబ్దం పెరగడంతో ఆగదు, సౌండ్ స్వభావమే మారుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే కాస్త చిట్లుతూ పలికే ఫెండర్ తరహా ఆంప్‌ని తీసుకోండి. దాంట్లోకి 6 డీబీ (డెసిబెల్స్) ఎక్కువ పంపారంటే వోల్టేజీ రెట్టింపు అయినట్టే. మెల్లగా మీటిన చోట కూడా చిట్లడం మొదలవుతుంది. గిటారిస్ట్ చేతిలో ఉన్న చిన్నా పెద్దా తేడాలన్నీ ఒకే మందాన చదునైపోతాయి. 6 డీబీ తక్కువ పంపితే గట్టిగా కొట్టిన చోట కూడా ఆంప్ స్పందించదు, వాయించినవాడు నీరసంగా ఉన్నాడేమో అనిపిస్తుంది. వాయించినదీ ఒకటే, ఆంప్ కూడా ఒకటే, అయినా వినేవాడికి వేరే మనిషి వాయించినట్టు ఉంటుంది.

"ఆంప్ గెయిన్ నాబ్ కొంచెం తిప్పుకుంటే సరిపోతుంది కదా" అంటారు. కొంతవరకే సరిపోతుంది. చాలా ఆంపుల్లో ఆ నాబ్ మొదటి ట్యూబ్ స్టేజ్ దాటాక ఉంటుంది. కాబట్టి దానికంటే ముందే మారిపోయినదాన్ని అది సరిచేయలేదు. మోడెలర్లు ఆ సర్క్యూట్‌నే అనుకరిస్తాయి కాబట్టి వాటిలోనూ అంతే. బ్రైట్ కెపాసిటర్ ఉన్న ఆంపుల్లో నాబ్ కిందికి తిప్పేకొద్దీ ట్రెబుల్ నిష్పత్తి కూడా మారిపోతుంది. పైగా ఆంప్ కంటే ముందు కంప్రెసర్ (చిన్నా పెద్దా తేడాలు తగ్గించేది), ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని చిట్లించేది), నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదను మూసేసేది) ఉంటాయి. గేట్ ఎక్కడ మూసుకోవాలి, కంప్రెసర్ ఎక్కడ పట్టుకోవాలి అన్నవి లోపలికొచ్చే సిగ్నల్ బలాన్ని బట్టే పెట్టుకున్న సెట్టింగులు. ఆ బలం మారితే ప్రీసెట్‌లో (సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగుల్లో) ప్రతి బ్లాకూ, అంటే ఆంపూ ప్రతి ఎఫెక్టూ తేడా కొడుతుంది. ఒక్కో నాబ్ తిప్పుకుంటూ వెంటపడటం కంటే మొదట్లోనే లెవెల్ సరిచేయడం సులభం.

లెవెల్ తప్పేది ఎక్కడో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. కంప్యూటర్‌కి వోల్టులు తెలియవు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీకు కనిపించే 0 డీబీఎఫ్ఎస్ అంటే మీ ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కన్వర్టర్ పట్టగలిగిన గరిష్ఠం, అంతే. ఆ గరిష్ఠం ఎన్ని వోల్టులకు సమానమన్నది ఒక్కో ఇంటర్‌ఫేస్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. మాన్యువల్ చివర్లో, ఎవరూ చదవని స్పెసిఫికేషన్ల పట్టికలో అది డీబీయూల్లో రాసి ఉంటుంది. 0 డీబీయూ అంటే 0.775 వోల్టులు. స్టూడియో పరికరాలు మాట్లాడుకునే లైన్ లెవెల్ +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు.

మీ ఇంటర్‌ఫేస్‌లో గిటార్ ఇన్‌పుట్ గరిష్ఠం +12 డీబీయూ, వెనక ఉన్న లైన్ అవుట్ గరిష్ఠం +16 డీబీయూ అనుకుందాం. ఇన్‌పుట్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) కనిష్ఠంలో ఉండగా గిటార్ నుంచి 0 డీబీయూ సిగ్నల్ వస్తే అది కంప్యూటర్‌లో -12 డీబీఎఫ్ఎస్‌గా రికార్డవుతుంది. ఫేడర్ ముట్టుకోకుండా దాన్నే లైన్ అవుట్ నుంచి బయటికి పంపితే +4 డీబీయూగా వెళ్తుంది. గిటార్ ఇచ్చినదానికంటే 4 డీబీ ఎక్కువ! మీరు ఏ నాబూ తిప్పలేదు, సాఫ్ట్‌వేర్‌లో అంతా సున్నా మీదే ఉంది, అయినా ఆంప్‌కి వేరే గిటార్ తగిలించినట్టయింది. రీఆంప్ ట్రాక్ అవుట్‌పుట్‌ని 4 డీబీ తగ్గిస్తే లెక్క సరిపోతుంది. ఇది గెయిన్ కనిష్ఠంలో ఉన్నప్పటి మాట. రికార్డింగప్పుడు గెయిన్ ఇంకో 10, 15 డీబీ పెంచి ఉంటే తేడా అంతా దీనికి తోడవుతుంది. ఎంత పెంచారో ఎక్కడా రాసిపెట్టుకోకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. మొన్న క్రిస్మస్ పాటల సమయంలో గుంటూరు నుంచి ఒక తమ్ముడు రిథమ్ గిటార్ డీఐ పంపాడు. చర్చిలో వాయిస్తాడు, చెయ్యి మంచిది, టైమింగ్ ఇంకా మంచిది. రెండు రోజులకి ఫోన్ చేశాడు.

"అన్నా, ఏ ప్రీసెట్ పెట్టినా బురదగానే ఉంటోంది. పికప్‌లు మార్చేయమంటారా?"

"పికప్‌లు బానే ఉన్నాయి తమ్ముడూ, వాటి జోలికి పోకు. రికార్డ్ చేసినప్పుడు ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ ఎక్కడ పెట్టావ్?"

"సగం దాటించే పెట్టా అన్నా. క్లిప్ అవ్వకుండా ఎంత పెంచితే అంత మంచిదన్నారు కదా అందరూ."

ఆ సలహా మైకుకి సంబంధించినది. మైకు సిగ్నల్ చాలా బలహీనం, దాన్ని పెంచక తప్పదు. గిటార్‌ని మనం నేరుగా ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి పెడతాం. సింగిల్ కాయిల్ పికప్ గట్టిగా కొడితే ఒక వోల్టు దరిదాపుల్లోకి వస్తుంది, బలమైన హంబకర్ అయితే అంతకు రెండు మూడు రెట్లు కూడా పోతుంది. దాన్ని పెంచాల్సిన అవసరం సాధారణంగా రాదు. అదృష్టం కొద్దీ ఆ అబ్బాయి నాబ్ ఇంకా కదపలేదు. ఫోన్‌లో ఒక టోన్ ప్లే చేసి దాన్నే ఇన్‌పుట్‌లోకి పంపమన్నాను. నాబ్ ఇప్పుడున్న చోట ఒకసారి, పూర్తిగా కిందికి తిప్పి ఒకసారి రికార్డ్ చేయమన్నాను. రెండింటి మధ్య తేడా 14 డీబీ వచ్చింది. అతని డీఐని 14 డీబీ తగ్గించి, నా వైపు లైన్ అవుట్ లెక్క కూడా కలిపి అదే ప్రీసెట్‌లోకి పంపాను. జీ కార్డ్ కొట్టిన చోట ఆరు స్ట్రింగులూ విడివిడిగా వినిపించాయి. పల్లవిలో అతను కావాలనే మెల్లగా వాయించిన రెండు బార్లు అప్పటిదాకా తెలియనే లేదు, అవి బయటపడ్డాయి. ఫైల్ తిరిగి పంపితే, "అన్నా, ఇది నా గిటారే" అన్నాడు.

గెయిన్ కనిష్ఠంలో పెడితే వేవ్‌ఫారం సన్నటి గీతలా కనిపించి టెన్షన్ వస్తుంది, నాకు తెలుసు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నంత వరకు భయం లేదు. పీకులు -15 దగ్గర ఆగినా, ఇంకా కిందే ఆగినా ఏమీ పోదు. పాతకాలపు బలహీనమైన సింగిల్ కాయిల్స్‌తో హై గెయిన్ మెటల్ వాయిస్తుంటే మాత్రం ఇంటర్‌ఫేస్ సొంత రొద పైకి తేలవచ్చు. అలాంటప్పుడు గెయిన్ పెంచుకోండి, కానీ ఎన్ని డీబీలు పెంచారో తెలిసేలా పెంచండి, ఆ అంకె ఫైల్ పేరులోనే రాసేయండి. నాబ్ మీద అంకెలు లేకపోతే ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఫోల్డర్‌లో పడేయండి. ఇక ఆటో గెయిన్ బటన్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లలో గిటార్ డీఐకి దాన్ని అస్సలు వాడొద్దు.

మాన్యువల్ దొరక్కపోతే కొలుచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ సైన్ టోన్‌ని -12 డీబీఎఫ్ఎస్ పీక్‌తో ప్లే చేసి, లైన్ అవుట్‌కి పెట్టిన కేబుల్ రెండో కొసన మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి చూడండి. 1.23 వోల్టులు చూపిస్తే అది +4 డీబీయూ, అంటే మీ అవుట్‌పుట్ గరిష్ఠం +16. కోఠీ గుజరాతీ గల్లీలో మీటర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నిటికంటే చవగ్గా దొరికే పసుపు మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్టుల నుంచి మొదలవుతుంది, ఒక వోల్టు దగ్గర అవి నమ్మదగ్గ అంకె చూపించలేవు. 2 వోల్టుల ఏసీ రేంజ్ గానీ, లేదంటే ఆటో రేంజ్ గానీ ఉన్నది అడిగి తీసుకోండి. కొలిచేటప్పుడు, తర్వాత రీఆంప్‌కి వాడబోయే కేబులే పెట్టాలి. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కి మామూలు మోనో గిటార్ కేబుల్ పెడితే కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో 6 డీబీ పడిపోతుంది, కొన్నిటిలో పడదు.

మీటర్ లేకుండా నేను చేసే పద్ధతి ఇంకొకటి ఉంది, నిజానికి దీన్నే ఎక్కువ నమ్ముతాను. మోడెలర్‌లో ఏ బ్లాకూ లేని ఖాళీ ప్రీసెట్ పెట్టి, దాని అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి కలుపుతాను. హెడ్‌ఫోన్ జాక్ ఉన్న పాత ఫోన్ నుంచి ఒక టోన్‌ని నేరుగా మోడెలర్ గిటార్ ఇన్‌పుట్‌కి పంపి, ఇంటర్‌ఫేస్‌లో ఎంత లెవెల్ వచ్చిందో రాసుకుంటాను. తర్వాత వాల్యూమ్ ముట్టుకోకుండా అదే టోన్‌ని ఇంటర్‌ఫేస్ గిటార్ ఇన్‌పుట్‌లో డీఐ లాగే రికార్డ్ చేస్తాను. ఆ రికార్డింగ్‌ని లైన్ అవుట్ నుంచి మోడెలర్‌కి పంపి, తిరిగొచ్చే లెవెల్ ముందు రాసుకున్న అంకెతో కలిసేదాకా పంపే ట్రాక్‌ని తగ్గిస్తాను. ఇన్‌పుట్ ఎంత, అవుట్‌పుట్ ఎంత, కేబుల్ ఏం చేసింది అన్న ప్రశ్నలన్నీ ఒక్క అంకెలో తేలిపోతాయి. ఆ అంకెను టేపు మీద రాసి ఇంటర్‌ఫేస్‌కి అంటించుకుంటే ఇక ఎప్పుడూ వెతుక్కోనక్కర్లేదు.

ఇంత తంటా ఎందుకు, మోడెలర్‌నే ఇంటర్‌ఫేస్‌గా వాడుకోవచ్చు కదా అంటే, వాడుకోవచ్చు. వీలున్నవాళ్లు అదే చేయాలి కూడా. పెద్ద హీలిక్స్‌లో యూఎస్‌బీ 7 మీద, అదే కుటుంబంలోని చిన్న హెచ్ఎక్స్ స్టాంప్‌లో 5/6 మీద గిటార్ పచ్చి సిగ్నల్ కంప్యూటర్‌కి దానంతటదే వస్తుంది. రీఆంప్ చేసేటప్పుడు ఆ ట్రాక్ అవుట్‌పుట్‌ని యూఎస్‌బీ 3/4కి పంపి, మోడెలర్ ఇన్‌పుట్ బ్లాక్‌లో కూడా యూఎస్‌బీ 3/4 ఎంచుకుంటే సరి. వోల్టులు, కేబుళ్లు మధ్యలో ఉండవు, వెళ్లిన సిగ్నలే తిరిగొస్తుంది. అయినా లెవెల్ ఇక్కడ కూడా తప్పవచ్చు, ఈసారి తప్పేది సాఫ్ట్‌వేర్‌లో. మోనో ట్రాక్‌ని స్టీరియో బస్ గుండా పంపితే ప్యాన్ లా (ఎడమ కుడి వైపులకు సిగ్నల్ పంచే నియమం) వల్ల కొన్ని సాఫ్ట్‌వేర్లు 3 డీబీ తగ్గించేస్తాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే ఫైల్‌ని నార్మలైజ్ చేసి (పీకు గరిష్ఠానికి చేరేలా మొత్తం లెవెల్ మార్చి) పంపుతారు, దాంతో ఉన్న సమాచారం కాస్తా పోతుంది. మాస్టర్ మీద లిమిటర్ ఉండగా అదే దారిలో డీఐని పంపేవాళ్లు కూడా ఉన్నారు. రీఆంప్ ట్రాక్‌కి మాస్టర్‌తో సంబంధం లేకుండా నేరుగా హార్డ్‌వేర్ అవుట్ ఇవ్వండి. రికార్డ్ చేస్తున్న ట్రాక్ మీద ఇన్‌పుట్ మానిటరింగ్ ఆపేయండి. లేకపోతే దారి తప్పిన సిగ్నల్ తన తోక తానే పట్టుకుని ఒక్కసారిగా కీచుమంటుంది, హెడ్‌ఫోన్స్‌లో ఉంటే చెవులకు ప్రమాదం.

కంప్యూటర్ లోపలే నడిచే నామ్ లాంటి ప్లగిన్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది. ఒక ఆంప్‌ని క్యాప్చర్ చేసినవాడు, అంటే దాని సౌండ్‌కి డిజిటల్ నకలు తీసినవాడు, ఏదో ఒక లెవెల్ దగ్గర చేశాడు. మీ డీఐ ఆ లెవెల్‌కి దూరంగా ఉంటే, క్యాప్చర్ ఎంత గొప్పదైనా మీకు వినపడేది ఆ ఆంప్ కాదు.

బయటి కేబుళ్లతో రీఆంప్ చేసేవాళ్లకి ఇంకో బాధ హమ్. ఇంటర్‌ఫేస్, మోడెలర్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలిపి, వాటి మధ్య ఆడియో కేబుల్ కూడా పెడితే గ్రౌండ్ లూప్ తయారవుతుంది. 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం, దాని మీద యూఎస్‌బీ వల్ల వచ్చే సన్నటి కూత. శుభ్రమైన సౌండ్‌లో ఇవి వినపడవు, హై గెయిన్ ఆంప్ పెట్టగానే పాటంతా నిండిపోతాయి. మోడెలర్ యూఎస్‌బీ కేబుల్ తీసేస్తే సగం సందర్భాల్లో అక్కడితో పోతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే ఇంకొన్ని పోతాయి. పాత అద్దె ఇళ్లలో ప్లగ్ పాయింట్‌లో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైర్ ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సంగతి చూపించండి. హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ తీసేసి వాడే అలవాటు మన బ్యాండ్ల కుర్రాళ్లలో ఉంది. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, ఏ పాటకోసమూ చేయకూడదు. ఇన్ని చేసినా హమ్ పోకపోతే అప్పుడు రీఆంప్ బాక్స్ కొనండి, దాంట్లోని ట్రాన్స్‌ఫార్మర్ రెండు గ్రౌండ్లనీ విడదీస్తుంది. మోడెలర్ వాడేవాళ్లకి ఆ పెట్టె అసలు విలువ ఇదే. "ఇంపీడెన్స్ కలవడం కోసం తప్పనిసరి" అని అమ్మేవాళ్లు చెప్పే మాటతో నేను ఏకీభవించను. ఇంపీడెన్స్ అంటే సిగ్నల్‌కి సర్క్యూట్ చూపించే అడ్డు. కొన్ని వందల ఓమ్‌ల లైన్ అవుట్, 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కి ఏ ఇబ్బందీ లేకుండా సిగ్నల్ ఇస్తుంది.

టైమింగ్ గురించి ఒక్క మాట. రీఆంప్ అయి తిరిగొచ్చిన ట్రాక్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్నంతా సరిచేయలేకపోవచ్చు. దాన్ని ఒరిజినల్ ఆంప్ ట్రాక్‌తో కలిపి వాడితే 1 మిల్లీసెకను తేడా చాలు, 500 హెర్ట్జ్, 1500, 2500 దగ్గర సౌండ్‌లో గుంటలు పడి గిటార్ బోలుగా మారడానికి. డీఐ మొదట్లో పాట కంటే ముందు ఒక చిన్న క్లిక్ పెట్టుకుంటే, తిరిగొచ్చిన ట్రాక్‌లో ఆ క్లిక్‌ని చూసి జరుపుకోవచ్చు.

ఇప్పుడు అసలు వాదన. రీఆంపింగ్ అంటే చికాకుపడే పెద్దవాళ్లు ఉన్నారు. రికార్డింగ్ రోజునే సౌండ్ తేల్చేయాలి, తేల్చలేనివాడే డీఐ దాచుకుంటాడు అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. డీఐ చేతిలో ఉంది కదా అని మిక్సింగ్ చివరి రోజుదాకా ఆంపులు మారుస్తూ కూర్చుంటే పాట పూర్తికాదు. గిటార్ సౌండ్ ఖాయం కాకుండా బాస్‌కీ కీబోర్డ్‌కీ చోటు ఎలా చూస్తాం? అందుకే నేను మిక్సింగ్ మొదలుపెట్టే ముందే ఒక పూట కూర్చుని రీఆంప్ ముగించేస్తాను. ఆడియోగా ప్రింట్ చేసి, డీఐని మ్యూట్ చేసి పక్కన పెట్టేస్తాను. నిర్ణయం తీసుకోవడమంటే డీఐని చెరిపేయడం కాదు. వాయించిన మనిషి మళ్లీ ఆ రోజు చేసిన పని చేయలేడు. అతని చేతి పని ఏ రంగూ పూయకుండా ఉన్నది ఆ ట్రాక్‌లోనే. దాన్ని 'అవసరం లేని ఫైల్' అని డిలీట్ చేసే స్టూడియో వాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

అవతలి పక్షమంటే నాకు ఇంకా ఎక్కువ భయం. "ఏదో ఒకటి వాయించెయ్, తర్వాత రీఆంప్‌లో చూసుకుందాం" అనేవాళ్లు. రీఆంపింగ్ చేతిని మార్చలేదు. పామ్ మ్యూట్ ఎంత బిగువుగా పట్టాడు, పిక్ ఏ కోణంలో తగిలింది, వాయించని స్ట్రింగ్‌ని ఎడమ చెయ్యి మూసిందా లేదా, ఇవన్నీ రికార్డింగ్ రోజునే అయిపోయాయి. అంతకంటే ముఖ్యం, గిటారిస్ట్ తనకు వినపడుతున్న సౌండ్‌ని బట్టి వాయిస్తాడు. హెడ్‌ఫోన్స్‌లో పచ్చి డీఐ మాత్రమే వినిపిస్తే, సస్టెయిన్ లేక స్ట్రింగ్‌ని అవసరానికి మించి బాదుతాడు, నోట్లు తొందరగా వదిలేస్తాడు. ఆ డీఐని తర్వాత డిస్టార్షన్‌లోకి పంపితే ప్రతి నోటూ ఖంగుమని మొదలై మధ్యలో తెగిపోతుంది. డిస్టార్షన్ వింటూ వాయించినవాడు వైబ్రాటోని సాగదీస్తాడు, చేతిని తేలికగా ఉంచుతాడు. కాబట్టి చివరికి ఏ ఆంప్ వాడతారో తెలియకపోయినా, వాయించేటప్పుడు దానికి దగ్గరగా ఉన్న సౌండ్ అతని చెవుల్లో ఉండాలి. ఆ సౌండ్‌ని కూడా రికార్డ్ చేసి డీఐతో పాటు పంపితే, అమెరికాలో ఉన్న ఫ్రెండ్ పంపిన ఫైల్ అయినా సరే, వాయిస్తున్నప్పుడు అతను ఏం ఊహించుకున్నాడో నాకు తెలుస్తుంది. నేను ఆంప్ మార్చినా ఆ ఊహకి అడ్డుపడను.

ఒక్క చోట మాత్రం రీఆంపింగ్‌తో నేను రాజీపడను. ఫజ్ ఫేస్ తరహా ఫజ్ పెడల్‌కి ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ. అది పికప్‌ని గట్టిగా లాగుతుంది, పికప్ కాయిల్ కూడా ఆ సర్క్యూట్‌లో భాగమైపోతుంది. గిటార్ వాల్యూమ్ నాబ్ కొద్దిగా తగ్గించగానే ఫజ్ కరిగిపోయి గాజులా శుభ్రమైన సౌండ్ వచ్చేది అందువల్లే. 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో రికార్డయిన డీఐలో ఆ లాగుడు జరగలేదు. దాన్ని లైన్ అవుట్ నుంచి ఫజ్‌కి పంపితే, అక్కడ పికప్ లేదు కాబట్టి, లెవెల్ ఎంత సరిగా ఉన్నా సౌండ్ గరుకుగా, కీచుగా వస్తుంది. హీలిక్స్ లాంటి వాటిలో ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌ని మార్చే సర్క్యూట్ ఉంది, కానీ అది నిజమైన గిటార్ తగిలించినప్పుడే పనిచేస్తుంది. లైన్ అవుట్‌ని అది కదిలించలేదు. అందుకని ఫజ్ ఉన్న పాటల్లో గిటార్‌ని ముందు నేరుగా ఫజ్ పెడల్‌కి పెట్టి, డీఐని పెడల్ తర్వాత తీసుకుంటాను. పెడల్ అవుట్‌పుట్ గిటార్ కంటే బలంగా ఉంటుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ క్లిప్ అవుతుందేమో ముందే చూసుకుంటాను. ఫజ్ ఆ రోజుతో ఖాయం. దాని తర్వాత ఏ ఆంప్, ఏ క్యాబినెట్ అన్నది మాత్రం రీఆంప్‌లో తేల్చుకుంటాను.